ఉంచుకోవాలా, సాగనంపాలా?

మొయినాబాద్ మండలం తోల్‌కట్ట గ్రామంలో 2025 ఫిబ్రవరిలో ఒక ఫామ్‌హౌస్‌పై పోలీసులు దాడి చేసి, కోడిపందాలు ఆడుతున్నవారిని పదుల సంఖ్యలో అదుపులోకి తీసుకున్న వార్త శంకర్‌పల్లి, చేవెళ్ల ప్రాంతాల పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మనుషులతోపాటు కోళ్లను కూడా పట్టుకుపోయారు. పందెంకోడి విషయంలో దాని యజమాని లెక్క చాలా సూటిగా ఉంటుంది. గెలుస్తున్నంత కాలం దానికి బాదంపప్పు, మర్దన, ప్రత్యేకమైన గంప. ఓడిన రోజున కూర. ఆ కోడి వీధిలో ఏ పసిపిల్లవాడినైనా గాయపరిచిందా అని పందెగాడు ఎన్నడూ విచారించడు. బరిలో గెలిచిందా లేదా అన్నదే అతనికి కావలసింది.

ఈ పోలిక మేము కల్పించినది కాదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనే పోరాటక్రీడను 1996లో అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ మనుషుల కోడిపందెంగా వర్ణించారు. దీన్ని మీ రాష్ట్రాల్లో జరగనివ్వకండి అంటూ గవర్నర్లందరికీ ఉత్తరాలు రాశారు. ఆ ఒత్తిడికే నియమాలు వచ్చాయి, బరువు తరగతులు వచ్చాయి, రాష్ట్ర క్రీడా కమిషన్ల అజమాయిషీ వచ్చింది. డబ్బూ వచ్చింది. ఈ పోటీలను నడిపే యూఎఫ్‌సీ అనే సంస్థను 2001లో కొందరు వ్యాపారులు 20 లక్షల డాలర్లకు కొన్నారు. 2016లో అదే సంస్థ సుమారు 400 కోట్ల డాలర్లకు చేతులు మారింది. 2025లో ఏడేళ్ల ప్రసార హక్కులకు పారమౌంట్ సంస్థ 770 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇంత డబ్బు తిరిగే బరిలో ఒక ఆటగాణ్ణి ఉంచుకోవాలా, వెళ్లగొట్టాలా అనే నిర్ణయం ఏ తూకంతో జరుగుతోంది? పందెగాడి తూకంతోనా, న్యాయం తూకంతోనా?

అమెరికాలో ఎవరో కొట్టుకుంటే మనకేమిటని పెద్దలు అనవచ్చు. కానీ మోకిల నుంచి శంకర్‌పల్లి దాకా కొత్త కాలనీలు లేచాయి, వాటివెంట వ్యాయామశాలలూ వచ్చాయి. జుమా నమాజు ముగిశాక మసీదు బయట నిలబడి మాట్లాడుకునే కుర్రవాళ్లలో క్రికెట్ గురించి వాదించేవారు ఎంతమంది ఉన్నారో, ఖబీబ్ గురించి, కానర్ మెక్‌గ్రెగర్ గురించి వాదించేవారూ దాదాపు అంతమంది కనిపిస్తున్నారు. పూర్తి పోటీని చూసినవారు తక్కువ. సెల్‌ఫోన్‌లో అర నిమిషం ముక్కలు చూసినవారే ఎక్కువ. ఆ ముక్కల్లో దెబ్బలకంటే బూతులు, బెదిరింపులు ఎక్కువ. తల్లిదండ్రులు ఇది తమకు సంబంధించిన విషయం కాదనుకుంటే పొరపాటే.

ముందుగా మెక్‌గ్రెగర్ సంగతి చూద్దాం. ఐర్లండ్‌కు చెందిన ఈ యోధుడు యూఎఫ్‌సీలో ఒకే సమయంలో రెండు బరువు తరగతుల్లో ఛాంపియన్‌గా నిలిచిన మొదటి వ్యక్తి. ఆ ప్రతిభను ఎవరూ కాదనలేరు. 2018 ఏప్రిల్‌లో ఇతను తన మందను వెంటబెట్టుకుని న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని స్టేడియం లోపలికి చొరబడ్డాడు. ఖబీబ్ నుర్మగొమెదోవ్ కూర్చున్న బస్సు కిటికీపైకి సామాను తోసుకెళ్లే ఇనుప బండిని విసిరాడు. అద్దం పగిలి, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని ఇద్దరు యోధులు గాయపడ్డారు. వారు ఆ వారం పోటీలో దిగలేకపోయారు. పోటీకోసం నెలల తరబడి కడుపు మాడ్చుకుని బరువు తగ్గించుకునే ఆటగాడికి ఒక పోటీ పోవడమంటే ఏమిటో, రోజుకూలీ పోగొట్టుకున్నవారిని అడిగితే తెలుస్తుంది. కోర్టులో మెక్‌గ్రెగర్ నేరం ఒప్పుకున్నాడు. ఐదు రోజుల సమాజసేవ, కోపాన్ని అదుపు చేసుకునే శిక్షణ - ఇదీ అతనికి పడిన శిక్ష.

మరి సంస్థ ఏం చేసింది? అతణ్ణి తొలగించలేదు సరికదా, అదే ఏడాది అక్టోబర్‌లో ఖబీబ్‌తో అతనికి పోటీ పెట్టింది. ఆ పోటీ ప్రచార చిత్రంలో బస్సుపై దాడి దృశ్యాలనే వాడుకుంది! పోలీసు కేసుకు ఆధారమైన దృశ్యం టిక్కెట్లు అమ్మే ప్రకటన అయింది. పాఠకులు ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు, ఆ సంస్థ తూకం ఏమిటో అర్థమవుతుంది. ఖబీబ్ రష్యాలోని దాగెస్తాన్ ప్రాంతపు ముస్లిం. అతని మతాన్ని, తండ్రిని, ప్రాంతాన్ని మెక్‌గ్రెగర్ వేదికలెక్కి అవహేళన చేశాడు. మద్యం ముట్టని మనిషి అని తెలిసి కూడా విలేఖరుల సమావేశంలో తన కంపెనీ విస్కీ తాగమని ఒత్తిడి చేశాడు. పక్కనే ఉన్న నిర్వాహకులు వారించలేదు. ఆ పోటీని డబ్బు కట్టి ఇళ్లలో చూసినవారి సంఖ్య 24 లక్షల వరకు ఉందని చెబుతారు. ఈ క్రీడ చరిత్రలో అది రికార్డు.

2018 అక్టోబర్ 6 రాత్రి లాస్ వేగాస్‌లో ఖబీబ్ నాలుగో రౌండ్‌లో మెక్‌గ్రెగర్ మెడను బిగించి ఓటమి ఒప్పించాడు. మన కుర్రవాళ్లకు ఇది కంఠస్థం. ఆ తరువాత జరిగినది కూడా కంఠస్థమే, అయితే దానికి వారు చెప్పే అర్థమే వేరు. ఖబీబ్ ఇనుప వల దూకి, ప్రేక్షకుల మధ్య ఉన్న మెక్‌గ్రెగర్ జట్టు సభ్యుడి మీద పడ్డాడు. ఈలోగా ఖబీబ్ సహచరులు పంజరంలోకి దూకి మెక్‌గ్రెగర్‌ను కొట్టారు. కిక్కిరిసిన హాలు అది. తొక్కిసలాట జరిగి ఉంటే ఎవరి ప్రాణాలు పోయేవి? టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్న సామాన్యులవే కదా. 'మనవాడు మన దీన్‌ను తిట్టినవాడికి బుద్ధి చెప్పాడు' అని ఆ గెంతును గొప్పగా చెప్పుకునేవారు ఖబీబ్ తానే ఏమన్నాడో మరచిపోతున్నారు. ఆ రాత్రే విలేఖరుల ముందు అతను కమిషన్‌కు క్షమాపణ చెప్పాడు. ఇది తన మంచి ముఖం కాదన్నాడు. తండ్రి తనను వదలడని కూడా అన్నాడు. ఆ తండ్రి అబ్దుల్‌మనాప్, కొడుకుకు చిన్ననాటి నుంచి కుస్తీ నేర్పిన గురువు, సంస్థ వేసే శిక్షకంటే తాను వేసే శిక్ష కఠినంగా ఉంటుందని బహిరంగంగానే ప్రకటించాడు. కొడుకు అంత పెద్ద గెలుపు సాధించాక తండ్రి నోట వచ్చిన మాట అది. ఆ వీడియో ముక్క మాత్రం మన ఫోన్లలో ఎందుకు తిరగదో మాకు తెలియదు.

అసలైన పరీక్ష ఆ తరువాత వచ్చింది. పంజరంలోకి దూకినవారిలో జుబైరా తుఖుగోవ్ అనే చిన్న ఆటగాడు ఉన్నాడు. అతనికి అదే నెలలో ఒక పోటీ ఉంది. దాన్ని రద్దు చేశారు. పంజరంలోకి దూకినవారు ఇక తమ సంస్థలో ఎన్నడూ ఆడరని అధ్యక్షుడు డానా వైట్ ప్రకటించారు. బస్సుపై ఇనుప బండి విసిరిన తార ఉండవచ్చు, పిడికిలి విసిరిన చిన్నవాడు పోవాలి! ఖబీబ్ వెంటనే స్పందించాడు. జుబైరాను తీసేస్తే తననూ వదులుకోవలసి వస్తుందని, ఒప్పందాన్ని తానే రద్దు చేసుకుంటానని బహిరంగంగా హెచ్చరించాడు. తనకు రావలసిన డబ్బు కూడా ఉంచుకోమన్నాడు. సంస్థ మెత్తబడింది. 2019 సెప్టెంబర్‌లో అబూధాబీలో ఖబీబ్ ఆడిన పోటీల రోజునే జుబైరా కూడా మళ్లీ బరిలో దిగాడు.

దీన్ని స్నేహధర్మానికి విజయంగా చూసేవారున్నారు. మేము సగం మాత్రమే అంగీకరిస్తాం. తారకు ఒక నీతి, అనామకుడికి ఒక నీతి ఎందుకని ఖబీబ్ అడిగిన ప్రశ్న ముమ్మాటికీ న్యాయమైనది. కానీ జుబైరా ఎందుకు మిగిలాడు? అతని తప్పు తూచి, శిక్ష చాలునని ఎవరైనా తేల్చారా? లేదు. అతని వెనుక మరో పెద్ద తార నిలబడ్డాడు, అంతే. ఖబీబ్ అండ లేని జుబైరాలు ఎంతమంది ఇళ్లకు వెళ్లి ఉంటారో ఎవరు లెక్కించారు?

మఖ్జూమ్ తెగకు చెందిన ఒక కులీన మహిళ దొంగతనం చేసి పట్టుబడిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధం. గొప్ప ఇంటి స్త్రీకి శిక్ష పడితే పరువు పోతుందని ఖురైషు పెద్దలు కలవరపడ్డారు. మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) కు ప్రీతిపాత్రుడైన ఉసామా బిన్ జైద్ (రజి) ను సిఫారసుకు పంపారు. ప్రవక్త ముఖం ఎర్రబడింది. పూర్వజాతులు నాశనం కావడానికి కారణం ఇదేనని, వారిలో గొప్పవాడు తప్పు చేస్తే వదిలేసి, బలహీనుడు చేస్తే దండించేవారని ప్రజలందరి ముందు చెప్పారు. తన కన్నకూతురే ఆ పని చేసినా శిక్ష తప్పదని ప్రకటించారు. మన ఇళ్లలో పిల్లలకు ఈ కథ చెబుతూనే ఉంటాం. లాస్ వేగాస్ ఉదంతానికి దాన్ని అన్వయించి చూసుకుంటే మెక్‌గ్రెగర్ విషయంలో మనకు ఎంత ఇంపుగా వినిపిస్తుందో, ఖబీబ్ విషయంలో అంత ఇబ్బందిగా వినిపిస్తుంది.

ఈ వ్యవహారంలో కాస్త పద్ధతిగా నడుచుకున్నది నెవాడా రాష్ట్ర క్రీడా కమిషన్. ఖబీబ్‌కు రావలసిన 20 లక్షల డాలర్ల పారితోషికాన్ని మొదట నిలిపివేసింది. విచారణ అనంతరం 2019 జనవరిలో ఖబీబ్‌కు తొమ్మిది నెలల సస్పెన్షన్, 5 లక్షల డాలర్ల జరిమానా విధించింది. మెక్‌గ్రెగర్‌కు ఆరు నెలలు, 50 వేల డాలర్లు. జుబైరాకు, ఖబీబ్ బంధువైన అబూబకర్‌కు ఏడాది చొప్పున సస్పెన్షన్, 25 వేల డాలర్ల చొప్పున జరిమానా. ఈ అంకెల మీద వాదించవచ్చు. మతాన్ని, కుటుంబాన్ని నెలల తరబడి దూషించినవాడికి ఆరు నెలలే ఏమిటని ఆనాడు చాలామంది అడిగారు, ఆ అడగడంలో న్యాయం ఉంది. అయినా తప్పు చేసిన నలుగురూ ఒకే బల్ల ముందుకు వచ్చారు. ఎవరికి ఎంత అన్నది ఏ నిర్వాహకుడి కోపతాపాల మీదా ఆధారపడలేదు. శిక్ష పూర్తి చేసినవాడు తిరిగి రావచ్చు. ఒక ఆటగాణ్ణి ఉంచుకోవడానికి గౌరవప్రదమైన దారి అంటూ ఉంటే అది ఇదే.

మెక్‌గ్రెగర్ మాత్రం మారలేదు. 2019లో ఖబీబ్ భార్య పరదాను ఎగతాళి చేస్తూ ఒక మాట రాసి, తరువాత తొలగించాడు. అదే సంవత్సరం డబ్లిన్‌లోని ఒక మద్యశాలలో, ఇచ్చిన విస్కీ వద్దన్నందుకు వయసులో పెద్దవాడైన ఒక మనిషిని గుద్దాడు. నేరం ఒప్పుకుంటే వెయ్యి యూరోల జరిమానా పడింది. అతని సంపాదనకు అది ఛాయ్ ఖర్చు. 2021 జూలైలో కాలు విరిగింది. అప్పటికి గత నాలుగు పోటీల్లో మూడు ఓడిపోయి ఉన్నాడు. ఆ తరువాత నాలుగేళ్లకు పైగా పంజరంలో అడుగు పెట్టలేదు. 2024లో మూడుసార్లు మాదకద్రవ్య పరీక్షకు అందుబాటులో లేనందుకు 2026 మార్చి వరకు 18 నెలల నిషేధం కూడా పడింది.

వీటన్నిటినీ మించినది 2024 నవంబర్‌లో డబ్లిన్ హైకోర్టులో వచ్చిన తీర్పు. 2018 డిసెంబర్‌లో ఒక హోటల్‌లో తనపై అత్యాచారం చేశాడంటూ ఒక మహిళ వేసిన సివిల్ దావాలో, అతను ఆమెపై దాడి చేశాడని జ్యూరీ తేల్చింది. దాదాపు రెండున్నర లక్షల యూరోల పరిహారం చెల్లించాలని చెప్పింది. 2025 జూలైలో అతని అప్పీలును కూడా కోర్టు కొట్టివేసింది. ఆ ఘటన 2018 డిసెంబర్‌లో జరిగింది. అంటే బస్సు దాడి అయిన ఎనిమిది నెలలకు, లాస్ వేగాస్ పోటీ ముగిసిన రెండు నెలలకు. ఈ తారీఖులను పక్కపక్కన పెట్టి చూడండి.

తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఐర్లండ్‌లోని దుకాణాల గొలుసులు అతని పేరుతో ముడిపడిన సరుకులను అరల్లోంచి తీసివేశాయి. అతని విస్కీని కొనుక్కున్న కంపెనీ ఇక అతని పేరు, బొమ్మ వాడబోమని ప్రకటించింది. వీడియో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ అతని పాత్రను తొలగించింది. విచిత్రమేమిటంటే, విస్కీ అమ్మేవారికి కలిగిన సంకోచం పోటీలు నడిపేవారికి కలగలేదు. యూఎఫ్‌సీ అతనితో ఒప్పందాన్ని తెంచుకోలేదు. 2025లో అమెరికా అధ్యక్ష భవనం ఆవరణలో పోటీలు పెడతారన్న ప్రకటన వెలువడగానే తానూ దిగుతానని అతను చెప్పుకున్నాడు.

ఇతణ్ణి ఉంచుకోదగునా? తీర్పు వెలువడిన ఆ వారంలోనే సంస్థ అతణ్ణి సాగనంపి ఉండవలసిందని మా అభిప్రాయం. గెలుపు ఓటములతో దీనికి సంబంధం లేదు. ముప్పైమందిని వరుసగా ఓడించినా మా మాట ఇదే.

'అది సివిల్ దావా మాత్రమే, క్రిమినల్ కోర్టు శిక్షించలేదు కదా, అతను ఈనాటికీ కాదంటున్నాడు కదా' అని ఒక ఆక్షేపణ ఉంది. అది వినవలసిన ఆక్షేపణే. ఐర్లండ్ ప్రాసిక్యూషన్ అధికారులు క్రిమినల్ కేసు నడపలేదన్నది నిజం. క్రిమినల్ కోర్టుకు కావలసిన రుజువు స్థాయి వేరు, సివిల్ కోర్టుది వేరు. కానీ జైలుకు పంపడానికి కావలసిన రుజువు వేరు, లక్షలమంది పిల్లల ముందు వీరుడిగా నిలబెట్టడానికి కావలసిన అర్హత వేరు. మదరసాలో ఒక ఉస్తాదు మీద ఇటువంటి తీర్పు వస్తే, జైలు శిక్ష పడలేదు కదా అని మరునాడు పిల్లల్ని అతని ముందు కూర్చోబెడతామా? అదే సమయంలో విచారణ లేకుండా వేటు వేయడం కూడా తప్పే. మన హైదరాబాద్ వాడైన అజహరుద్దీన్ ఉదంతం దీనికి నిదర్శనం. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000 డిసెంబర్‌లో క్రికెట్ బోర్డు ఆయనను జీవితకాలం నిషేధించింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టివేసింది. అప్పటికి ఆయన ఆడే వయసు దాటి ఎన్నో ఏళ్లయింది. డబ్లిన్‌లో అలా జరగలేదు. రెండు పక్షాలూ సాక్ష్యం చెప్పాయి, జ్యూరీ విన్నది, అప్పీలు కూడా విన్నారు.

ఇక మనం తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. దోషి పేరు మన పేరే అయితే? మైక్ టైసన్‌ను తీసుకుందాం. 1992లో అత్యాచార నేరంపై జైలుకు వెళ్లాడు. అక్కడ ఇస్లాం స్వీకరించాడు. 1995 మార్చిలో విడుదలైన రోజున నేరుగా ఇండియానాలోని ప్లెయిన్‌ఫీల్డ్ మసీదుకు వెళ్లి నమాజు చేశాడు. సాక్షాత్తు ముహమ్మద్ అలీ ఆ నమాజులో ఉన్నాడు. ఆ వార్త ప్రపంచమంతటా ముస్లింలను పులకింపజేసింది. పశ్చాత్తాపానికి తలుపు మూయడం మన పని కాదు, అది అల్లాహ్‌కు, దాసుడికి మధ్య విషయం. కానీ అదే సంవత్సరం జూన్‌లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో టైసన్‌కు ఘన స్వాగతం ఏర్పాటు చేయబోతే అడ్డు నిలిచింది ఎవరు? ఆ సమాజపు నల్లజాతి స్త్రీలే. అతను మా వాడే, అయినా ఊరేగింపు వద్దు అన్నారు. తెల్లవారి పత్రికలకు అవకాశం ఇస్తున్నారని సొంతవారే వారిని నిందించారు. వారు వెనక్కు తగ్గలేదు, నిర్వాహకులే కార్యక్రమాన్ని కుదించుకున్నారు. రెండేళ్లకు, 1997 జూన్‌లో, టైసన్ హోలీఫీల్డ్ చెవి కొరికాడు. నెవాడా కమిషన్ లైసెన్సు రద్దు చేసి 30 లక్షల డాలర్ల జరిమానా విధించింది. 1998 అక్టోబర్‌లో లైసెన్సు తిరిగి ఇచ్చింది. పాతికేళ్ల తరువాత అదే టైసన్ మన తెలుగు తెరమీదికి వచ్చాడు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ కథతో 2022 ఆగస్టులో వచ్చిన పూరీ జగన్నాథ్ 'లైగర్' చిత్రంలో నటించాడు. అతణ్ణి తీసుకొచ్చామని గొప్పగా ప్రచారం చేసుకున్నారే తప్ప, ఆ పేరు వెనుక ఒక స్త్రీ ఉందన్న మాట ఆ ప్రచారంలో మాకెక్కడా కనిపించలేదు.

నీ సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సాయపడమని ప్రవక్త (సఅసం) ఉపదేశించినప్పుడు, పీడకుడికి ఎలా సాయపడాలని సహచరులు ఆశ్చర్యపోయారు. అతని చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సాయమని ఆయన వివరించారు. హార్లెమ్ స్త్రీలు ఆ హదీసు విని ఉండకపోవచ్చు. దాన్ని ఆచరించి చూపింది మాత్రం వారే.

'వివాదాస్పదుడు' అనే మాటను పత్రికలు అన్నిటికీ ఒకే గాటన కట్టి వాడుతుంటాయి. ఇది మాకు నచ్చదు. 1967 ఏప్రిల్‌లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు ముహమ్మద్ అలీ కూడా వివాదాస్పదుడే అయ్యాడు. ఆ రోజే లైసెన్సు పోయింది, ఛాంపియన్ హోదా పోయింది. మంచి వయసులో మూడున్నరేళ్లు బరికి దూరమయ్యాడు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ వివాదంలో ఆయన ఎవరి ఒంటిమీద చేయి వేశాడు? ఎవరి మీదా లేదు. చేయి వేయననే అన్నాడు! ఆయనను గంటల్లో వెళ్లగొట్టిన క్రీడాలోకం, స్త్రీలను, ముసలివారిని కొట్టినవారి విషయంలో ఏళ్లతరబడి ఆలోచిస్తుంది.

మన నిజామాబాద్ ఆడపిల్ల నిఖత్ జరీన్‌నూ 2019లో కొందరు వివాదాలు రేపే అమ్మాయి అన్నారు. ఆమె చేసిన నేరమేమిటి? ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌ను ట్రయల్ లేకుండా పంపాలని బాక్సింగ్ సమాఖ్య తలపెట్టినప్పుడు, అందరికీ ఒకే నియమం ఉండాలి, నాకూ ఒక అవకాశం ఇవ్వండి అని క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. ఆరుసార్లు ప్రపంచ విజేతను ప్రశ్నించడానికి ఈ పిల్ల ఎవరన్నారు. 2019 డిసెంబర్ 28న ట్రయల్ జరిగింది. నిఖత్ 1-9 తేడాతో ఓడింది. మేరీకోమ్ కరచాలనం చేయడానికి కూడా నిరాకరించింది. నిఖత్ మాత్రం ఇనుప వలలు దూకలేదు, ఎవరి కుటుంబాన్నీ తిట్టలేదు. ఓటమి ఒప్పుకుని సాధనకు వెళ్లింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లోనూ, 2023 మార్చిలో ఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయింది. శంకర్‌పల్లి కుర్రవాళ్ల ఫోన్లలో ఖబీబ్ గెంతు ఉన్నన్నిసార్లు ఈ పిల్ల ఆట ఎందుకు లేదో వారి అక్కచెల్లెళ్లు అడగాలి.

ఇంత రాసి ఒక విషయం దాచడం సబబు కాదు. కుస్తీని, వ్యాయామాన్ని ఇస్లాం ప్రోత్సహించింది. కానీ కొట్లాటలోనైనా ముఖంపై కొట్టవద్దని హదీసులో స్పష్టంగా ఉంది. ముఖంపై దెబ్బే ప్రధానమైన ఈ క్రీడను ఉలమాలలో అనేకులు అంగీకరించరు. తమ పిల్లల్ని ఇటువంటి శిక్షణకు పంపే తల్లిదండ్రులు తమ ఊరి ఆలిమ్‌నూ, ఒక వైద్యుణ్ణీ ముందుగా అడగడం మంచిది. తలకు తగిలే దెబ్బల ఫలితం ఇరవయ్యేళ్లకు కనిపించదు, యాభయ్యేళ్లకు కనిపిస్తుంది. చేర్చాలనుకున్నా ముందు ఉస్తాదును చూడండి. పిల్లవాడు తోటివాణ్ణి బూతులు తిడితే ఆ రోజుకు ఇంటికి పంపే ఉస్తాదా, గెలిపిస్తున్నాడు కదా అని నవ్వి ఊరుకునే ఉస్తాదా? కుస్తీ, జూడో వంటివి నేర్పేవారు దగ్గర్లో ఉంటే ముఖానికి దెబ్బల బెడద కూడా తక్కువ.

ఖబీబ్ కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. తండ్రి 2020 జూలైలో కోవిడ్ అనంతర సమస్యలతో మరణించాడు. ఆ అక్టోబర్ 24న అబూధాబీలో 29వ గెలుపు సాధించిన ఖబీబ్ పంజరం మధ్యలో చేతి తొడుగులు విప్పి కిందపెట్టాడు. తండ్రి లేకుండా ఇక ఆడనని తల్లికి మాట ఇచ్చానన్నాడు. అప్పటికి ఒక్క ఓటమి కూడా లేదు, వయసు 32. సంస్థ అతణ్ణి వదులుకోలేక ఐదు నెలలపాటు ఛాంపియన్ హోదాను అతని పేరు మీదే ఉంచి, మళ్లీ రమ్మని బతిమాలింది. అతను కదలలేదు. 2021 మార్చిలో ఆ హోదా ఖాళీ అయినట్టు ప్రకటించక తప్పలేదు.